మూడో కెరటం

1789 డిసెంబర్. గోదావరి మొగలో కోరంగి రేవు.

వాయవ్యం గాలి. తాటాకు కప్పులు ఒక్కో ఆకూ ఊడి ఎగిరిపోతున్నాయి. ఓడలు బాగుచేసే చోట కీలు వాసన, వాన వాసన కలిసిపోయాయి. మొగ దగ్గర ఓడలు లంగర్ల మీద గింజుకుంటున్నాయి. పోటు నిండుగా ఉంది. ఈపాటికి నీళ్లు తీయాలి. తీయడం లేదు.

ఎవరో సముద్రం వైపు చూశారు. నోట మాట రాలేదు.

దూరాన నల్లగా, ఒకదాని వెనక ఒకటి. మూడు.

 బంగాళాఖాతంలో గుండం లేచింది.  రేవులో గుండమంటే ఉప్పెన.

మొదటి కెరటం ఊళ్లోకొచ్చింది. నడుముల దాకా నీళ్లు. చంటిపిల్లల్ని భుజాన వేసుకుని, ముసలివాళ్లని రెక్క పట్టి లాక్కుంటూ, కట్టుతాళ్లని తెంపుకున్న పశువుల మధ్య తడుముకుంటూ, తలుపుచెక్కలూ ధాన్యపు గాదెలూ కొట్టుకొచ్చి కాళ్లకి తగులుతుంటే, జనం ఎత్తున్న చోటల్లా వెతుక్కుంటూ పరిగెత్తారు. నీళ్లు ఒక్క క్షణం నిలిచినట్టున్నాయి.

రెండోది వచ్చింది. పల్లపు నేలంతా సముద్రమైంది. ఎత్తున్న చోట్లు కూడా అయిపోయాయి.

అప్పుడు మూడోది లేచింది.

తర్వాత ఎప్పటికో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతం తుపాన్ల లెక్కలు తీశాడు. గాలి పాములా చుట్టలు చుట్టుకుని తిరుగుతుందని గ్రహించి, గ్రీకు మాట పట్టుకుని ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. 1848లో ఓడవాళ్ల కోసం పుస్తకమే వేశాడు. కోరంగి మూడు కెరటాల కథ ఆయన రాసిపెట్టిందే. ఆయన లెక్కలో ఆ రోజు పోయినవాళ్లు 20,000 మంది.

గాలి తగ్గింది. సముద్రం వెనక్కి పోయింది.

ఊరు లేదు. ఇసుక దిబ్బలు, బురద. తవ్వితే శవం దొరకదు, సొమ్మూ దొరకదు. మొగలో లంగరేసిన ఓడలు యానాం చుట్టూ మైదానంలో కూలబడి ఉన్నాయి. ఓడలు నేల మీదున్నాయి. అవి రావాల్సిన దారిలో ఇసుక మేట వేసింది. పెద్ద ఓడలకి ఇక మొగ మూసుకుపోయినట్టే.

మిగిలినవి రెండే. రేవు అధికారి ఇల్లు, దాని చుట్టూ ఓడలు బాగుచేసే చోటు.

వాటిని పట్టుకునే మళ్లీ జనం చేరారు. మళ్లీ కీలు కాగింది. మళ్లీ ఓడలొచ్చాయి. పిల్లలు పుట్టారు, వాళ్లకీ పిల్లలు పుట్టారు. యాభై ఏళ్లు గడిచాయి.

1839 నవంబర్ 25. కోరంగిలో మళ్లీ గాలి లేచింది.