లేబుల్ మీద లేని గొంతు

సన్‌సెట్ బూలెవార్డ్ మీద ఎండ కళ్లలో పడుతోంది. తలుపు తోసుకుని లోపలికి రండి. చల్లగా ఉంది, మసకగా ఉంది, కళ్లు అలవాటు పడడానికి కొంచెం సేపు పడుతుంది. కాళ్ల కింద వైర్లు, చూసుకుని నడవండి. ఇది హాలీవుడ్‌లోని ఒరిజినల్ సౌండ్ స్టూడియో. సంవత్సరం 1967.

స్టూడియో యజమాని ఆర్ట్ లబో రేడియో మనిషి. శ్రోతలు అడిగిన పాత పాటలు వేస్తూ, వాళ్ల ప్రేమ సందేశాలు చదువుతూ పేరు తెచ్చుకున్నాడు. పాత హిట్లన్నీ ఏరి 'ఓల్డీస్ బట్ గుడీస్' పేరుతో ఎల్పీ రికార్డులుగా అమ్మితే జనం ఎగబడి కొంటారని 1959లోనే కనిపెట్టాడు. ఆ యంత్రం వైపు చూడండి. అప్పట్లో చాలా స్టూడియోలకు నాలుగు ట్రాకులుంటేనే గొప్ప. ఇక్కడ మాత్రం ఇంజనీరు పాల్ బఫ్ తన చేతులతో తయారు చేసుకున్న పది ట్రాకుల టేపు యంత్రం తిరుగుతోంది.

అద్దం అవతల గదిలో ఉన్న కుర్రాళ్ల బ్యాండ్ పేరు థీ సిక్స్‌పెన్స్. కీబోర్డు ముందు మార్క్ వైట్జ్. గిటార్ భుజాన వేసుకున్నవాడు ఎడ్ కింగ్, ఇంకా పద్దెనిమిది నిండలేదు. డ్రమ్స్ వెనుక జీన్ గన్నెల్స్. వీళ్ల దగ్గర ఒక ట్యూన్ ఉంది. మొదట్లో వచ్చే ఆ కీబోర్డు వరస వైట్జ్‌ది, మధ్యలో మలుపు తిరిగే భాగం కింగ్‌ది. మాటలు మాత్రం వీళ్లవి కావు. ప్రొడ్యూసర్ ఫ్రాంక్ స్లే ఆ ట్యూన్‌ని కొలరాడో బ్యాండ్ ది రెయినీ డేజ్‌కు చెందిన జాన్ కార్టర్‌కి పంపాడు. కార్టర్, టిమ్ గిల్బర్ట్ కలిసి మాటలు కట్టారు. ఆ కాగితమే ఇప్పుడు స్టాండు మీద ఉంది. పాట పేరు 'ఇన్సెన్స్ అండ్ పెప్పర్‌మింట్స్'.

ఆ మాటలు బ్యాండ్‌కి నచ్చలేదు. ఎవరు పాడినా పాటకి అతకడం లేదు. స్టూడియోలో గంటకింత అద్దె, అద్దం ఇవతల కూర్చున్నవాళ్ల ముఖాల్లో గడియారం కనిపిస్తోంది.

మీ పక్కన, గోడవారగా ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు, గమనించారా? పేరు గ్రెగ్ మన్‌ఫర్డ్. పదహారేళ్లు. ఈ బ్యాండ్ మనిషి కాదు, వేరే బ్యాండ్‌లో పాడతాడు. స్నేహితులు రికార్డింగ్ చేస్తున్నారంటే చూసి పోదామని వచ్చాడు. నువ్వొకసారి పాడి చూడు అన్నారు. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఊపిరి బిగపట్టండి.

ఆర్గాన్ మొదలైంది. దాని కిందుగా గరగరమంటూ ఫజ్ గిటార్. మధ్యమధ్య కౌబెల్ టకటకలు. వాటన్నిటి మీద ఆ పిల్లవాడి గొంతు. అరవడం లేదు, బతిమాలడం లేదు. ప్రపంచాన్ని తీరిగ్గా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నట్టు పాడుతున్నాడు. వాళ్లందరికీ నచ్చని మాటలకి అతని నోట ఒక తీరు వచ్చింది. మూడు నిమిషాలు కూడా నిండని పాట. అయిపోయింది. అతను హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు పోతారు.

ఈ పాటను ఎవరూ పెద్దగా నమ్మలేదు కూడా. ఏడంగుళాల రికార్డు అచ్చయి వచ్చింది, చేతిలోకి తీసుకోండి. ముఖ్యమైన పాట వేసే మొదటి వైపున 'ది బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఆల్కాట్రాష్' అని మరో పాట ఉంది. మనం విన్నది వెనక వైపున ఉంది. సిక్స్‌పెన్స్ పేరుతో ఇంకో బ్యాండ్ ఉండడంతో ఈ కుర్రాళ్లు పేరు మార్చుకున్నారు. ఇప్పుడు వాళ్లు స్ట్రాబెర్రీ అలారం క్లాక్. రేడియోలో డిస్క్ జాకీలు రికార్డు తిరగేసి వెనక పాట వేయడం మొదలుపెట్టారు. యూని రికార్డ్స్ దాన్ని దేశమంతటా విడుదల చేసింది.

లేబుల్ని ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని చదవండి. బ్రాకెట్లో పాట రాసినవాళ్ల పేర్లు రెండు: కార్టర్, గిల్బర్ట్. ట్యూన్ కట్టిన వైట్జ్ పేరు లేదు, కింగ్ పేరు లేదు. రాయల్టీ డబ్బు నడిచేది ఆ బ్రాకెట్ వెంటే. పాడిన మన్‌ఫర్డ్ పేరు ఎక్కడా లేదు. మన వివిధభారతిలో పాట వేసే ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, పాడినవారు అని వరసగా చెబుతుంటే వినీ వినీ పెరిగినవాళ్లకి ఈ మౌనం మింగుడు పడదు. నాకు పడలేదు.

1967 శరత్కాలం. ఇప్పుడు మీరు కారులో ఉన్నారు. అద్దాలు దించి ఉన్నాయి, డ్యాష్‌బోర్డు మధ్యలో ఒక్కటే స్పీకరు, ఏఎం రేడియో. ఏ స్టేషన్ తిప్పినా అదే ఆర్గాన్ వరస. అంతకుముందు అయిదు వారాలుగా బిల్‌బోర్డ్ హిట్ల పట్టికలో లులు పాడిన 'టు సర్ విత్ లవ్' మొదటి స్థానంలో కదలకుండా కూర్చుంది. నవంబరు 25 నాటి పట్టికలో దాన్ని దించి స్ట్రాబెర్రీ అలారం క్లాక్ మొదటి స్థానానికి వచ్చింది. సరిగ్గా ఒక్క వారం. డిసెంబరు 2కల్లా ది మంకీస్ వాళ్ల 'డేడ్రీమ్ బిలీవర్' ఆ చోటు తీసుకుంది.

పాట అయిపోగానే వార్తలు. వియత్నాంలో అమెరికా సైనికులు అప్పటికి దాదాపు 5 లక్షల మంది. ఈ పాట వింటున్న కుర్రాళ్లలో చాలామందికి ఏ రోజు పోస్టులో సైన్యం పిలుపు వస్తుందో తెలియదు. కాలేజీలో చేరితే వాయిదా దొరుకుతుంది. శాన్ హోసే ఊరి కౌంట్ ఫైవ్ బ్యాండ్ సంగతి చూడండి. భుజాల మీద డ్రాకులా అంగీలు వేసుకుని వేదికెక్కేవాళ్లు. 1966లో వాళ్ల 'సైకోటిక్ రియాక్షన్' పట్టికలో 5వ స్థానం దాకా వెళ్లింది. ఆ వెలుగులోనే కచేరీలు వదులుకుని చదువులకు వెళ్లారు. వాళ్ల వెనుక ఒక్క హిట్టే మిగలడానికి ప్రతిభ చాలకపోవడమే కారణమని తేల్చేసేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఒక్క ఏడాది వెనక్కి, 1966కి రండి. సంగీతకారుడు లియాన్ రసెల్ ఇల్లు, లోపలే చిన్న రికార్డింగ్ ఏర్పాటు. శాన్ ఫెర్నాండో లోయ నుంచి వచ్చిన ది ఎలక్ట్రిక్ ప్రూన్స్ ఇక్కడ సాధన చేస్తున్నారు. టేపుకి నాలుగే ట్రాకులు. ఖర్చు కలిసొస్తుందని, ఒక చుట్ట అయిపోగానే దాన్నే తిరగేసి మళ్లీ రికార్డు చేస్తున్నారు. అప్పుడు జరిగిందిది: ప్రొడ్యూసర్ డేవ్ హాసింగర్ టేపు పెట్టాడు, రికార్డు బటన్ మాత్రం నొక్కలేదు. స్పీకర్ల శబ్దం పూర్తిగా పెంచి ఉంది. గిటారిస్టు కెన్ విలియమ్స్ అంతకుముందు ఊగించి ఊగించి వాయించిన ఫజ్ గిటార్ చివరి నుంచి మొదటికి వెనక్కి వచ్చిపడింది.

చెవులు మూసుకోకండి, వినండి. గిటార్ తీగను మీటితే శబ్దం పుట్టగానే పెద్దగా ఉండి క్రమంగా తగ్గిపోతుంది. వెనక్కి తిప్పితే శూన్యంలోంచి పుట్టి, పెరిగి పెరిగి, నిండుగా ఉన్న చోట ఠక్కున తెగిపోతుంది. చీకట్లో ఎక్కడో పుట్టిన తుమ్మెద నేరుగా చెవిలోకి దూసుకొచ్చినట్టు ఉంటుంది. అందరూ ఉలిక్కిపడ్డారు. అది దాచండి అన్నారు. ఆనెట్ టక్కర్, నాన్సీ మాంట్జ్ అనే ఇద్దరు స్త్రీలు రాసిన 'ఐ హ్యాడ్ టూ మచ్ టు డ్రీమ్ (లాస్ట్ నైట్)' పాటకి ఆ శబ్దమే వాకిలి అయింది. 1967 ఫిబ్రవరిలో పాట 11వ స్థానం చేరింది. ఆ యుగం మొత్తాన్ని ఒక్క శబ్దంలో వినిపించమంటే నేను ఈ మొదటి కొన్ని సెకన్లు వినిపిస్తాను.

ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే కాలేజీ ఊరి కథ తొందరగా చెప్పుకోవచ్చు. ది లెమన్ పైపర్స్ వాళ్లకి గట్టి రాక్ వాయించాలని ఉంది. వాళ్ల కంపెనీ బుద్ధా రికార్డ్స్ వేరే పాట పట్టుకొచ్చింది: షెల్లీ పింజ్, పాల్ లెకా రాసిన 'గ్రీన్ టాంబరిన్'. ఇష్టం లేకపోయినా పాడారు, పాడకపోతే కాంట్రాక్టు పోతుందని. అందులో ఎలక్ట్రిక్ సితార్ మోగుతుంది. సితార్ అంటే రవిశంకర్ చేతిలోది కాదు. ఆయన 1967 జూన్‌లో మాంటెరే పాప్ ఉత్సవంలో ఒక మధ్యాహ్నమంతా వాయించి అమెరికా కుర్రకారుని కట్టిపడేశారు. ఈ ఎలక్ట్రిక్ వాద్యం మాత్రం గిటార్‌లా ఆరు తీగలతో, గిటార్ శ్రుతిలోనే ఉంటుంది. కింద బ్రిడ్జ్ వెడల్పుగా ఉండి తీగ దాన్ని ఒరుసుకుంటుంటే ఝుం అనే నాదం పుడుతుంది. ఏళ్ల సాధన అక్కర్లేకుండా ఆ నాదం మాత్రం చేతికొచ్చింది. పాట 1968 ఫిబ్రవరిలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ తర్వాత ఆ బ్యాండ్ మొదటి నలభైలోకి మళ్లీ రాలేదు.

నిజానికి లెక్క ఖచ్చితంగా చూస్తే అలారం క్లాక్, ప్రూన్స్, లెమన్ పైపర్స్ మూడింటిలో ఒక్క హిట్ బ్యాండ్ అనదగ్గది లెమన్ పైపర్స్ ఒక్కటే. ప్రూన్స్ తర్వాతి పాట 27 దాకా, అలారం క్లాక్ వాళ్ల 'టుమారో' 23 దాకా వెళ్లాయి. జనం మనసులో మాత్రం ఒక్కో పాటే నిలిచింది.

తర్వాత జరిగినవి చూడడానికి కష్టంగా ఉంటుంది, అయినా చూడాలి. ఎలక్ట్రిక్ ప్రూన్స్ పేరు వాయించేవాళ్ల చేతిలో లేకుండా పోయింది. 1968లో డేవిడ్ ఆక్సెల్‌రాడ్ లాటిన్ ప్రార్థనలకు సంగీతం కట్టిన 'మాస్ ఇన్ ఎఫ్ మైనర్' వాళ్ల పేరుతోనే వచ్చింది. ఆ స్వరాలు కష్టమై చాలా భాగం బయటి వాద్యకారులు పూర్తి చేశారు. 1969 ఆల్బమ్ వచ్చేసరికి అట్ట మీద పేరు అదే, మొదటి మనుషులు ఒక్కరూ లేరు. స్ట్రాబెర్రీ అలారం క్లాక్ పేరుతో వేరే కుర్రాళ్లు ఊళ్లు తిరిగి కచేరీలు చేశారు. అసలు వాళ్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది.

1970ల మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక హాలు. అలారం క్లాక్ వేదికెక్కే ముందు స్థానిక బ్యాండ్ ఒకటి వాయిస్తోంది. తెర పక్క నుంచి ఎడ్ కింగ్ చూస్తున్నాడు. వాళ్లింకా ఎవరికీ తెలియదు, పేరు లినర్డ్ స్కినర్డ్. 1972లో కింగ్ వాళ్లలో చేరాడు. 1974లో వచ్చిన 'స్వీట్ హోమ్ అలబామా' రాసినవారి పేర్లలో ఈసారి కింగ్ పేరు అచ్చయింది. ఆ పాట గిటార్ వరస ఇప్పటికీ అమెరికా అంతటా మోగుతోంది. లెమన్ పైపర్స్ గిటారిస్టు బిల్ బార్ట్‌లెట్ 1977లో రామ్ జామ్ అనే బ్యాండ్ పేరుతో 'బ్లాక్ బెట్టీ' వాయించాడు. అది కూడా ఆ బ్యాండ్‌కి ఏకైక హిట్టే.

న్యూయార్క్‌లో బ్లీకర్ వీధి. విలేజ్ ఓల్డీస్ అనే పాత రికార్డుల కొట్టు. గూళ్ల నిండా ఏడంగుళాల రికార్డులు, వేళ్లకు దుమ్ము. ఇక్కడ పనిచేసే లెన్నీ కేకి ఈ మరుగున పడ్డ బ్యాండ్లంటే ప్రాణం. ఎలక్ట్రా కంపెనీ అధిపతి జాక్ హోల్జ్‌మన్ అడిగితే, కే 27 పాటలు ఏరి పేర్చాడు. 1972లో 'నగెట్స్' అనే జంట ఎల్పీగా వచ్చింది. మొదటి పాట ప్రూన్స్‌దే. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు, పట్టికలో ఎక్కిన మెట్టు అన్నీ కే శ్రద్ధగా రాసిపెట్టాడు. వాళ్ల సంగీతానికి పంక్ రాక్ అన్న మాట కూడా వాడాడు. ఆ పాటలు వచ్చి అప్పటికి కొన్నేళ్లే. అంత తొందరగా జ్ఞాపకం ఎందుకయ్యాయంటే, అంత తొందరగా వాటిని పారేశారు కాబట్టి. ఈ పాటల మీద నాకున్న బెంగ పూల చొక్కాల మీద బెంగ కాదు. బ్యాండ్‌లో లేని పదహారేళ్ల పిల్లవాడిని నువ్వు పాడి చూడు అనగలిగిన గదుల మీద, నొక్కడం మరిచిన బటన్‌ని వరంగా తీసుకోగలిగిన చెవుల మీద.

2007లో ఇల్లినాయ్‌లోని షాంపేన్ ఊరు, వర్జీనియా థియేటర్. సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ జరిపే చిత్రోత్సవం. ఆయన స్క్రీన్‌ప్లే రాసిన 1970 నాటి 'బియాండ్ ది వ్యాలీ ఆఫ్ ది డాల్స్' ఇప్పుడే ముగిసింది. అందులో పార్టీ సన్నివేశంలో వాయించిన బ్యాండే ఇప్పుడు వేదిక మీదకు వస్తోంది. స్ట్రాబెర్రీ అలారం క్లాక్. జుట్టు నెరిసింది, వేళ్లు మరిచిపోలేదు. మీ పక్క సీట్లలోవాళ్లు లేచి నిలబడ్డారు, మీరూ లేవండి.

ఇంటికి వెళ్లాక ఈ మూడు పాటలూ వరసగా వినండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఫోన్ తెర మీద పాట కింద బ్యాండ్ పేరు ఒక్కటే కనిపిస్తుంది. పక్కన ఉన్నవాళ్లకి మీరైనా చెప్పండి: 'ఇన్సెన్స్ అండ్ పెప్పర్‌మింట్స్' ట్యూన్ మార్క్ వైట్జ్, ఎడ్ కింగ్‌లది, పాడింది గ్రెగ్ మన్‌ఫర్డ్.