ముందు ఏది చదవాలి?

మన పిల్లలు ఫైనల్ ఫాంటసీ ఆట ఎన్నో భాగంతో మొదలుపెట్టాలని అడుగుతుంటారు. 1987లో మొదలైన ఆ వరుసలో ఒక్కో అంకెకు ఒక్కో కథ. ఎక్కడ మొదలుపెట్టినా పరవాలేదు. మన కథ అట్ల కాదు.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిమాట తెలుగు, రాత తమిళం. ఆయన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పేరున్న పుస్తకమని మాలో కొందరం దాన్నే ముందు తీశాము. అందులో తెల్లదొరల కాలం, స్వాతంత్ర్య పోరాటం ఉన్నాయి. ఆ జనం ఎవరు, ఎందుకు వచ్చారన్నది మాత్రం 1976 నాటి 'గోపల్ల గ్రామం'లో ఉంది. పాలకుడి కన్ను పడిన పిల్లను కాపాడుకోను ఊరు విడిచి, దక్షిణానికి నడిచి, అడవిని పొలం చేసుకున్న కథను ముసలవ్వ మంగత్తాయారు చెబుతుంది. కాబట్టి అదే ముందు.

అది నవల, శాసనం కాదు. మన ఇండ్లలో తెలుగు మాట ఉంది, అక్షరం లేదు. అందుకే పుస్తకం తెరిచే ముందు మీ ఇంటి అవ్వ దగ్గర కూర్చోండి. ఏ ఊరినించి వచ్చామో అడిగి, తమిళ అక్షరాల్లోనైనా రాసిపెట్టండి. పుస్తకం రేపైనా దొరుకుతుంది.