ఇరవై సెకన్లు

నా ఎడమ పక్కన నిలబడి కాస్త వంగి చూడండి. టీచర్ గారి కింది దవడలో పిప్పి పన్ను శుభ్రం చేశాం. చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించాం, ఉమ్మి చుక్క కూడా లోపలికి రాదు. లవంగనూనె వాసన వస్తోందా? వారం రోజులుగా ఆవిడ నూనె దూది పెట్టుకుంటున్నారు. అందులోని యూజినాల్ మిగిలితే గుంత నింపే రెజిన్ సరిగ్గా గట్టిపడదు. అందుకే గుంతంతా మళ్లీ తుడిచాను.

అంచున గాజులా మెరిసేది ఎనామెల్, బరువులో 96 శాతం ఖనిజమే. అడుగున పసుపుపచ్చగా కనిపించేది డెంటిన్. దానిలో నీరుంది, పీచుంది, నరం వైపు పోయే సన్నని గొట్టాలున్నాయి. ఒకే గుంతలో రెండు రకాల నేలలు. రెజిన్‌ను పన్నుకు అతికించే బాండింగ్ ఎంచుకోవడమంటే ఈ రెండింటినీ చూసి ఎంచుకోవడమే.

1955లో బ్యూనోకోర్ అనే దంత పరిశోధకుడు ఆమ్లంతో ఎనామెల్‌ను గరుకు చేసి రెజిన్‌ను పట్టించి చూపాడు. ఎనామెల్‌కు నేటికీ అదే దారి. డెంటిన్ అలా లొంగదు. ఆమ్లం ఖనిజాన్ని లాగేస్తే కొల్లాజెన్ పీచు నీళ్ల ఆసరాతోనే నిలబడుతుంది. గాలి కొట్టి ఎండబెట్టామా, చెరువులోంచి తీసిన నాచులా అతుక్కుపోతుంది. ఇక రెజిన్ లోపలికి దిగదు. ప్రాక్టీసు కొత్తలో ఒక పెద్దాయన పన్నును నేను సుద్దలా తెల్లబడేదాకా ఎండబెట్టాను. నాలుగో రోజు ఆ పెద్దాయన దవడ పట్టుకుని వచ్చాడు. "నమిలితే జివ్వుమంటోంది డాక్టరు గారూ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఈ గుంత లోతు. అందుకే యూనివర్సల్ బాండింగ్ తీస్తున్నాను. ఇందులోని ఎమ్‌డీపీ అనే పదార్థం డెంటిన్‌లోని కాల్షియాన్నే పట్టుకుంటుంది, అక్కడ విడిగా ఆమ్లం అక్కర్లేదు. నీలం ఆమ్ల జెల్ ఎనామెల్ అంచుకే, 15 సెకన్లు. కడిగి మెల్లగా గాలి వదిలాను. అంచు ముగ్గుపిండిలా తెల్లబడింది. అడుగున సన్నని తడి మెరుపు ఉంది చూశారా? అది ఉండాలి.

బాండింగ్ సీసా ఇప్పుడే తెరవాలి. చుక్క వేసి వెంటనే మూత పెట్టాలి, లేకపోతే అందులోని ఆల్కహాల్ ఎగిరిపోతుంది. చిన్న బ్రష్‌తో రుద్దుతున్నాను. పూయడం కాదు, రుద్దడం. మీరు లెక్కపెట్టండి, ఇరవై దాకా. పన్నెండు దగ్గర ఇక చాలనిపిస్తుంది. ఆపకూడదు.

ఇప్పుడు గాలి. ముందు అలలు లేస్తాయి, తర్వాత చిన్నవవుతాయి. ఇదిగో, కదలిక ఆగింది. ద్రావకం పోయింది, పలుచని పొర మిగిలింది.

"కళ్లు మూసుకోండి టీచర్ గారూ."

మీరు ఆ నారింజ అద్దంలోంచే చూడండి. నీలి వెలుగు, పది సెకన్లు. గుంత అడుగు నుంచి అంచుదాకా ఎక్కడా మచ్చ లేకుండా ఒకే నిగారింపు. కాంపోజిట్ అందించండి, మొదటి పొర రెండు మిల్లీమీటర్లు.