తొలిచూలు, తోడు: ఉత్తరాంధ్రలో మొదటి కాన్పు అనుభవం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలి కాన్పు పుట్టింటి బాధ్యత. సీమంతం చేసి, చేతినిండా గాజులు తొడిగి అమ్మాయిని తీసుకొచ్చుకున్న నాటి నుంచి బారసాల అయి బిడ్డతో అత్తింటికి పంపేదాకా పెత్తనం, ఖర్చు, భయం అన్నీ తల్లివే. ఈ ఆచారానికి ఈ ప్రాంతంలో మరో కారణం కూడా తోడైంది. వలస. అల్లుడు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, విశాఖలోనో పనిలో ఉంటాడు. పెళ్లయ్యాక అమ్మాయీ అక్కడే కాపురం పెడుతుంది. తొలి నెలల పరీక్షలు అక్కడ చేయించుకుని, నెలలు నిండేవేళకు స్కానింగ్ కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని సొంతూరు చేరుతుంది. ఇక్కడి ఆశ కార్యకర్తకు ఆమె కొత్త. ఆమెకు ఇక్కడి ఆసుపత్రి కొత్త. నొప్పులు మరీ కొత్త.

ప్రసవం గురించి మనకు దొరికే సమాచారంలో ఎక్కువ భాగం లెక్కలే. ఎంతమంది ఆసుపత్రిలో కన్నారు, ఎంతమందికి ఆపరేషన్ అయింది, ఎంతమంది చనిపోయారు. ఆ లెక్కలు లేకపోతే ప్రాణాలు నిలవవు కాబట్టి వాటిని తక్కువ చేయలేం. కానీ మొదటిసారి కంటున్న అమ్మాయి ఆ పది పన్నెండు గంటలు ఎలా గడిపింది, పక్కన ఎవరున్నారు, జరుగుతున్నది ఏమిటో ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నవి కేసు షీటుకు ఎక్కవు. ఉత్తరాంధ్రలో ప్రసూతి సేవలు గత నూట పాతికేళ్లుగా దూరం అనే సమస్యతో పోరాడి చాలావరకు గెలిచాయి. తోడు అనే సమస్యను మాత్రం అవే పుట్టించాయి, ఇంతవరకు దానికేసి సరిగా చూడలేదు. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచుకున్నది ఇదే.

తొలి తల్లి వయసుతో మొదలుపెట్టడం న్యాయం. విజయనగర మహారాజు విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో గురజాడ ఆ జాబితాను ప్రస్తావించారు. మూడేళ్లలో నమోదైన పెళ్లిళ్లు 1,034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. ఏడాది పాపలు ముగ్గురు. సాహిత్య చరిత్రకారులు ఈ అంకెలను సంఘ సంస్కరణ కోణం నుంచే చదివారు. ప్రసూతి కోణం నుంచి చదివితే మరో సంగతి బోధపడుతుంది. ఇలా పెళ్లయిన పిల్లలు పెద్దమనిషి కాగానే కాపురానికి వెళ్లేవారు. కటి ఎముకలు పూర్తిగా ఎదగకముందే గర్భం నిలిచేది. బిడ్డ తల దిగక రోజుల తరబడి నొప్పులు పడే ప్రమాదం అలాంటి శరీరానికే ఎక్కువ. 1891లో వచ్చిన సమ్మతి వయసు చట్టం సైతం పన్నెండేళ్ల దగ్గరే ఆగింది. ఆ బెడద నేటికీ పూర్తిగా పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో.

ఆనాటి కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతిలో. ఆమె గురించి ఇప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. చేతిలో ప్రాణం ఉన్న మనిషి అనేది ఒకటి, చేతిలో మురికి ఉన్న మనిషి అనేది ఇంకొకటి. రెండిటిలోనూ నిజముంది. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోసినందుకు ధనుర్వాతంతో పోయిన పసికందులు, మాయ పడక రక్తం పోయి చనిపోయిన బాలింతలు, గుర్రపువాతం కమ్మితే దయ్యం పట్టిందనుకుని వదిలేసిన తొలిచూలు గర్భిణులు ఉన్నారు. ఈ చివరిది గుర్తుంచుకోదగ్గది. గర్భంలో రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే ప్రమాదం మొదటి కాన్పులోనే ఎక్కువ. అయినా మంత్రసాని ఒక పని చేసేది. నొప్పులు మొదలైన దగ్గరనుంచి బిడ్డ పడేదాకా కదలకుండా కూర్చునేది. నడుం రాసేది, నడిపించేది, గొంతుక్కూర్చోబెట్టేది, అరవమనేది, తిట్టేది. అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ చుట్టూ ఉండేవారు.

ఆసుపత్రి కాన్పు ఇక్కడికి పరదా చాటు నుంచి వచ్చింది. మగ వైద్యుల ముందుకు రాని స్త్రీల కోసం 1885లో మేరీ షార్లీబ్ మద్రాసులో నెలకొల్పిన ఆసుపత్రికి కుల, ఘోషా స్త్రీల ఆసుపత్రి అనే పేరుండేది. స్త్రీలకు మహిళా వైద్యుల సాయం అందించేందుకు అదే ఏడాది డఫరిన్ నిధి ఏర్పడింది. విజయనగరంలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిని జనం ఇవాళ్టికీ ఘోషాసుపత్రి అనే అంటారు. పరదా పోయింది, పేరు మిగిలింది. ఇటు శ్రీకాకుళంలో 2008లో మొదలైన రిమ్స్, 2023లో విజయనగరంలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక పెద్ద కేసులన్నీ విశాఖ కేజీహెచ్‌కు తరలించే పరిస్థితి కొంత మారింది. శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న ఇచ్ఛాపురం వాళ్లకు మాత్రం శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర. పాతిక కిలోమీటర్ల దూరం. నొప్పులు రాష్ట్ర సరిహద్దును చూడవు కాబట్టి బండి అటే తిరుగుతుంది.

దూరం అసలు రూపం కనిపించేది కొండల మీద. సాలూరు, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట మండలాలు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. జాతాపు, సవర, గదబ, కొండదొర గూడేలు అక్కడి కొండల మీద ఉన్నాయి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో మొదలైంది గాని, బండి వచ్చేది రోడ్డు ఉన్నంతవరకే. ఆపైన డోలీ. గట్టి కర్రకు దుప్పటినో చీరనో రెండు కొసలా ముడేసి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. వాగు దగ్గర దించరు, నీళ్లలో దిగి నడుస్తారు. లోపల మనిషి ముడుచుకుపోయి ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు ఒత్తిగిలే వీలు కూడా ఉండదు. 2018 సెప్టెంబరులో సాలూరు మండలం మసిక చింతలవలస నుంచి ఇలా దింపుతున్న ఒక గర్భిణి దారిలోనే అడవిలో ప్రసవించింది. ఎవరో తీసిన వీడియో దేశమంతా చూసింది.

ఆ ఏడాదే పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం తెరిచింది. నెలలు నిండకముందే కొండ దింపి, అక్కడే భోజనం పెట్టి, పరీక్షలు చేయించి, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేర్చాలన్నది ఏర్పాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నాటికే ఇటువంటి ఎదురుచూపు గృహాల మీద వివిధ దేశాల అనుభవాలను సమీక్షించింది. సాలూరు ప్రయోగం మన్యం పరిస్థితికి చక్కగా సరిపోయిన ఆలోచన అని నా అభిప్రాయం. రోడ్లు పడేదాకా ఆగమని నిండు గర్భిణికి చెప్పలేం కదా. అయితే కొండ దిగడం ఆమెకు ఏమిటో కూడా చూడాలి. తన గూడెం, తన మనుషులు, పోడు పనులు వదిలి, ఇంట్లో సవర మాట్లాడే అమ్మాయి తెలుగు మాట్లాడే ఊళ్లో వారాల తరబడి ఎదురుచూడాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, బడి పుస్తకాలు రాసి, వ్యాకరణం, నిఘంటువు కూర్చి తొంభై ఏళ్లు దాటింది. ఆ భాష బడి గుమ్మం దాకా వచ్చింది. లేబర్ రూం గుమ్మం ఇంకా దాటలేదు. “ముక్కమ్మా, గట్టిగా ముక్కు” అని నర్సు చెప్పే మాట అందకపోతే, ఎప్పుడు ముక్కాలో, ఎప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదలాలో ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు?

ఇక లేబర్ రూం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018–20లో 45. దేశ సగటు 97. రెండు తరాల కింద ఊహకు కూడా అందని మార్పు ఇది. దీని వెనక ఏఎన్ఎంలు, ఆశలు, 108 సిబ్బంది, రాత్రి డ్యూటీ నర్సులు పడ్డ శ్రమ ఉంది. తల్లి ప్రాణం నిలబెట్టిన గదిలోనే తల్లి అనుభవం ఎందుకు ఇంత ఒంటరిగా మిగిలిందన్నదే ప్రశ్న.

ప్రసూతి వార్డుల్లో మొదటి కాన్పు మనిషిని ‘ప్రైమి’ అంటారు. ఉమ్మనీరు పోయిందనో, నొప్పులు దగ్గరపడ్డాయనో వచ్చిన ప్రైమిని లోపలికి తీసుకుంటారు. తలుపు మూసుకుంటుంది. కూతురిని కని పెంచి, ఈ రోజు కోసమే పుట్టింటికి తెచ్చుకున్న తల్లి వరండాలో నిలబడిపోతుంది. చేతిలో ఫ్లాస్కు, ఉతికిన పాత చీర ముక్కల సంచి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి “ఏటమ్మా, ఎంతవరకొచ్చింది?” అని అడుగుతుంది. “టైం పడతదమ్మా, కూకో” అన్నది జవాబు. లోపల కూతురు ఎత్తు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. లోపల పరీక్ష చేసిన ప్రతిసారీ ఒక అంకె వినిపిస్తుంది. మూడు అంటారు. నాలుగు గంటలు గడిచాక నాలుగు అంటారు. ఆ అంకె ఏమిటో, ఎక్కడిదాకా పోవాలో ఆమెకు తెలియదు. పక్క బల్ల మీద రెండో కాన్పు మనిషి వచ్చి గంటలో కని వెళ్లిపోతే తనకేదో అయిందని భయపడుతుంది.

ఆ భయానికి ఆధారం లేదని వైద్యశాస్త్రమే చెబుతోంది. 1955లో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 500 మంది తొలి కాన్పు స్త్రీల నొప్పుల గమనాన్ని గీత గీసి చూపాక, గర్భాశయ ముఖం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్క క్రమంగా వార్డుల్లో పాతుకుపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ లెక్కను పక్కన పెట్టమంది. అయిదు సెంటీమీటర్లు వచ్చేదాకా ఇంత సమయమే పట్టాలన్న నియమం లేదు. అక్కడినుంచి పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో పన్నెండు గంటల వరకు మామూలే. బిడ్డ బయటికి రావడానికి మూడు గంటలు పట్టినా, తల్లీబిడ్డలు క్షేమంగా ఉంటే కంగారు పడనక్కరలేదు. ఈ నాలుగు మాటలు తొమ్మిది నెలల పరీక్షల్లో ఎప్పుడైనా, ఎవరైనా ఆ తల్లీకూతుళ్లకు చెప్పి ఉంటే వరండాలోనూ లోపలా భయం సగానికి సగం తగ్గేది.

చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో ఆపరేషన్ల లెక్కలో కొంత కనిపిస్తుంది. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం ఉంటే, ప్రైవేటులో 63 శాతం. దేశ సగటు 21.5. దీనికి డబ్బు ఆశ ఒక కారణం, ముహూర్తాల పిచ్చి ఇంకో కారణం అని అందరూ అంటారు. రెండూ ఉన్నాయి. మూడో కారణాన్ని మనం తగినంత పట్టించుకోలేదు. ఎనిమిది గంటలు దాటిన నొప్పిని ప్రమాదంగా భావించిన కుటుంబమే “మా పిల్ల తట్టుకోలేదు, కోసి తీసెయ్యండి డాక్టరమ్మా” అని వేడుకుంటుంది. అవసరమైన సిజేరియన్ వరమే, అందులో సందేహం లేదు. కాని మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ చాలావరకు ఆపరేషనే. మైకేల్ రాబ్సన్ 2001లో కాన్పులను పది వర్గాలుగా విభజించినప్పుడు తొలి కాన్పులకు వేరే వర్గాలు కేటాయించారు. ఏ ప్రాంతంలోనైనా సిజేరియన్ల భవిష్యత్తు మొదటి కాన్పు గదిలో తేలిపోతుంది.

ఇక్కడే తోడు మాట వస్తుంది. గ్వాటెమాలాలో సోసా, కెన్నెల్, క్లాస్ తదితరులు తొలి కాన్పు స్త్రీలమీద చేసి 1980లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా ఉన్నవారికి ఆసుపత్రిలో చేరిన దగ్గరనుంచి కాన్పు అయ్యేదాకా సగటున 19 గంటలు పట్టింది. పక్కన ఒక స్త్రీ కూర్చుని మాట్లాడుతూ, వీపు రాస్తూ ఉన్నవారికి తొమ్మిది గంటల లోపే అయిపోయింది. అది చిన్న అధ్యయనం, ఆ తేడా అంతటా అంతే ఉంటుందనుకోనక్కరలేదు. 2017 నాటి కోక్రేన్ సమీక్ష మాత్రం 17 దేశాల్లో 26 ప్రయోగాలు, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలు చూసి అదే దిశలో తేల్చింది. తోడున్న వారికి సిజేరియన్లు తక్కువ, నొప్పుల కాలం కొంత తక్కువ, కాన్పు గురించి చెడు జ్ఞాపకం తక్కువ. మంత్రసాని చేసిన పనుల్లో వైద్యం కానిదేదో, అదే ఇన్నేళ్ల తర్వాత ప్రయోగాలకు నిలిచింది.

ఆ పని నర్సులకు నేర్పే ప్రయత్నమూ మొదలైంది. పక్కనున్న తెలంగాణలో ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం 2018లో ఆ సేవలకు మార్గదర్శకాలు తెచ్చింది. అలాంటి మనుషులు ఉత్తరాంధ్రలో ప్రతి లేబర్ రూంకీ అందడానికి చాలా కాలం పడుతుంది. అంతవరకు ఆగనక్కరలేని ఉపాయం ఇంకొకటి కాగితం మీద ఇప్పటికే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకు తోడుగా ఒకరిని అనుమతించవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. షరతులు కూడా పెట్టింది. తోడు వచ్చే మనిషి సాధారణంగా స్త్రీ అయి, వీలైనంతవరకు తాను నొప్పులు పడి కన్నదై ఉండాలి. అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, కాన్పు పూర్తయ్యేదాకా ఉండాలి, వైద్యుల పనికి అడ్డు రాకూడదు, పక్క బల్ల మీది మనిషి జోలికి పోకూడదు.

వరండాలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ తల్లి ఈ షరతులన్నిటికీ సరిపోతుంది. సవర గూడెం నుంచి దిగివచ్చిన అమ్మాయి విషయంలో ఆమె దుబాసీ కూడా అవుతుంది. ఆమెను లోపలికి రానివ్వకపోవడానికి సిబ్బంది చెప్పే కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. బల్లకూ బల్లకూ మధ్య తెర ఉండదు, కాబట్టి ఒకరి తోడు ఇంకొకరి మర్యాదకు భంగం. రద్దీ రాత్రుల్లో ఒక నర్సు ఇద్దరు ముగ్గురిని చూడాలి, మధ్యలో బంధువు ఏడుపు మొదలుపెడితే ఆమెను సముదాయించడం అదనపు పని. మొదటిది బట్టకూ ఇనుప కడ్డీకీ సంబంధించిన సమస్య. రెండోది ఎనిమిదో నెలలో తల్లీకూతుళ్లను కలిపి కూర్చోబెట్టి చెప్పే అరగంట మాటకు సంబంధించినది. ఆ మాట చెప్పడానికి చోటు సాలూరు వసతి గృహంలో ఉంది. నెలనెలా 9వ తేదీన గర్భిణులకు పరీక్షలు చేసే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉంది. ఘోషాసుపత్రి స్థాయి పెద్ద ఆసుపత్రుల్లో ముందుగా తొలి కాన్పులకు తోడును అనుమతించి, తోడున్న కాన్పులను కేసు షీటులో వేరుగా నమోదు చేస్తూ, రాబ్సన్ వర్గాల వారీగా ఏడాది పాటు పోల్చి చూడవచ్చు. ఈ ప్రాంతం నుంచి మనకు ఇంకా రావలసిన పరిశోధన అదే.