పంది ఎముకల రసం, రంగం ప్రయాణం

ఇది వంటల టపా కాదు. వంటతోనే మొదలవుతుంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

క్రిందటి శీతకాలం సెలవులకు మా ఉద్దానం వెళ్ళినప్పుడు జపానువారి తొంకొత్సు రామెన్ వండాలన్న పట్టుదల పుట్టింది. తొన్ అంటే పంది, కొత్సు అంటే ఎముక. పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన, పాలవలె తెల్లగా చిక్కగా ఉండే రసంలో గోధుమ నూడుల్స్ వేసుకుని తినే వంటకం. పలాసలో పంది మాంసం అమ్మే మనిషిని వెతికి పట్టుకుని, మాంసం వద్దు, కాలి ఎముకలూ డెక్కలూ కావాలంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కుక్కకా బాబూ?" అని అడిగి, అడిగిన డబ్బు కూడా పూర్తిగా తీసుకోలేదు.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. గిన్నె దగ్గర. మా ఇంటి గిన్నెల్లో పంది ఎన్నడూ ఉడకలేదు. మన దేశంలో పంది తినడమన్నది నాలుకకు సంబంధించిన విషయం కాదు, కులానికి సంబంధించినది. ఎరుకలవారు పెంచుతారు, సీతంపేట కొండల్లో సవరలు పండుగకు కోస్తారు, మిగిలినవాళ్ళం ముక్కు మూసుకుంటాం. (బెంగుళూరు వెళ్ళాక మాత్రం హోటల్లో అడిగి మరీ తింటాం, అది వేరే సంగతి.) చివరకు ఎవరికీ పనికిరాని పాత తపేలా ఒకటి, పెరట్లో మూడురాళ్ళ పొయ్యి, జీడికొమ్మల కట్టెలు నా వంతుకు వచ్చాయి. తపేలా ఎవరు తోమాలన్న ప్రశ్న తేలకుండానే పొయ్యి వెలిగించాను.

పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఎముకలను చన్నీళ్ళలో నానబెట్టి, ఒకసారి పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. ఎముకల మధ్య గడ్డకట్టిన నెత్తురును వ్రేళ్ళతో తీసి కడగాలి. ఈ పని మానేస్తే రసం బూడిదరంగుకు దిగుతుంది. తర్వాత కొత్త నీళ్ళలో పది, పన్నెండు గంటలు పెద్దమంట మీద తెర్లించాలి. సన్నసెగ పనికిరాదు. సన్నసెగ మీద రసం తేటగా వస్తుంది, కొవ్వు పైన తేలిపోతుంది. పెద్దమంట మీద కొవ్వు సన్నని బిందువులుగా చితికి నీళ్ళలో కలుస్తుంది. చర్మం నుంచి, కీళ్ళ నుంచి కరిగివచ్చే జిగురు ఆ బిందువులను మళ్ళీ విడిపోనివ్వదు. ఆ తెలుపు అదే, అందులో పాలూ లేవు, పిండీ లేదు. ప్రెషర్ కుక్కరున్నవారు రెండు మూడు గంటలు ఉడికించి, పిమ్మట మూత తీసి ఒక గంట పెద్దమంట మీద మరిగించినా తెలుపు వస్తుంది. నూడుల్స్ పిండిలో జపానువారు ఒక క్షారజలం కలుపుతారు. నేను అప్పడాల ఖారం చిటికెడు కలిపాను. పిండి పసుపు తిరిగి, సాగుడు వచ్చింది. ఉప్పు రసంలో వేయరు. ఉప్పగా ఉండే సోయా ద్రవాన్ని తినే గిన్నె అడుగున పోసి, దాని మీద రసం పోస్తారు.

ఇక చరిత్ర. క్యూషూ ద్వీపంలో కురుమె అనే ఊరిలో 1937లో మియామొతో తొకియో అనే ఆయన నాంకిన్ సెన్‌ర్యో పేరుతో నడిపిన బండి దగ్గర ఈ పంది ఎముకల నూడుల్స్ పుట్టాయని చెబుతారు. అప్పట్లో రసం తేటగానే ఉండేదట. 1947లో అదే ఊరిలో మరొక కొట్టులో పొరపాటున ఎముకలు మరీ ఎక్కువసేపు మరగడం వల్ల ఈ తెల్లరసం వచ్చిందని కథ. కురుమె రబ్బరు చెప్పుల ఊరు, బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కంపెనీ 1931లో పుట్టిన ఊరు. కూలిజనం ఉన్న ఊరు. మాంసం కొనలేనివారికి ఎముక చవక.

ఈ కురుమెకూ మా ఉద్దానానికీ ఏమి సంబంధమని అడుగుతారేమో. ఉన్నది. అయితే దానికి రంగం మీదుగా వెళ్ళాలి.

మా వైపు పెద్దలు రంగూన్ అనేవారు కారు, రంగం అనేవారు. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి వచ్చాక, అక్కడి వరి మిల్లులకూ రేవుకూ మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే నేటి శ్రీకాకుళం జిల్లా అంతా కలుపుకుని, కూలీలు మేస్త్రీ ఇచ్చిన బయానా పుచ్చుకుని కళింగపట్నం, గోపాలపురం, భీమిలి రేవుల్లో ఓడలెక్కారు. ఆ బయానాయే అప్పు. అక్కడ వాళ్ళు బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, నగరం పాయిఖానాలు ఎత్తిపోశారు. కోరంగి రేవు పేరు మీద వారందరికీ కోరంగీలని పేరు పడింది, అది గౌరవంతో పిలిచిన పేరు కాదు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. దానికి ముందటి ఏడే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె ముగిసిన తీరు మీద అల్లర్లు చెలరేగి ఎందరో చచ్చిపోయారు.

మా తాత అక్కడ వరి మిల్లులో పనిచేశాడు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, 1942 మార్చి 8న నగరం పడిపోయింది. నాలుగు లక్షలకు పైగా భారతీయులు నడకదారుల్లో బయలుదేరారని అంచనా, వేలమంది దారిలోనే పోయారు. తాత వచ్చాడు.

ఆయన వస్తున్న రోజుల్లో ఎదురుగా దిగిన సైన్యం సంగతి చదువుతుండగా నాకు కురుమె మళ్ళీ తగిలింది. 1942 మార్చి, ఏప్రిల్ నెలల్లో రంగూన్‌లో దిగిన జపాను 56వ డివిజన్, 18వ డివిజన్ రెండూ కురుమెలో సమకూర్చినవే. 18వది మళ్ళీ నిలబెట్టినది కూడా 1937లోనే, నాంకిన్ సెన్‌ర్యో బండి పెట్టిన ఏడే. ఆ బండి దగ్గర తిన్న కుర్రాళ్ళు కొందరైనా ఆ ఓడల్లో ఉండి ఉంటారని నా ఊహ. వారిలో చాలామంది ఉత్తర బర్మా కొండల్లో మిగిలిపోయారు.

1962 మార్చిలో నే విన్ అధికారం చేజిక్కించుకున్నాక, దుకాణాలు జాతీయం కావడంతో రెండో విడత జనం తిరిగివచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలసింది. ఆ పేటకు వారు తెచ్చిన నూడుల్స్ ఖౌస్వే. కొబ్బరిపాలు, శనగపిండి, కోడిమాంసంతో చిక్కబడిన పులుసు అది. బర్మాలో చైనావారి కొట్లలో పంది ఎముకల రసంతో చేసే నూడుల్స్ కూడా ఉన్నాయి, అవి మాత్రం ఇక్కడ కుదురుకోలేదు. కొబ్బరి ఇక్కడ ఇంటింటి సరుకు, కోడితో ఎవరికీ పేచీ లేదు, పందితో ఉంది. చిక్కదనాన్ని మాత్రం తెచ్చుకుని, ఎముకను రేవులోనే వదిలి వచ్చారని నాకు తోస్తుంది.

ఈ ఊహ నాకు వట్టినే రాలేదు. పెరట్లో తపేలా తెర్లుతుండగా మా మేనత్త గోడ పట్టుకుని నడచివచ్చింది. ఆమెకు వారంలో కొన్ని రోజులు పలాసలో డయాలసిస్. ఉద్దానంలో దాదాపు ప్రతి వీధిలోనూ అలాంటి ఇల్లు ఒకటుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకు మూలకారణం ఇదని ఇంకా ఎవరూ తేల్చి చెప్పలేదు.

"ఇదేటి వాసనరా బాబూ?" అంది. దాచడానికి లేక చెప్పాను. ముక్కు మూసుకోలేదు. కాసేపు పొయ్యి వంక చూసి, "మా అయ్య రంగంలో సీనావోడి కొట్టుకాడ ఇలాటి నీళ్ళే తాగీవోడట. ఊళ్ళో సెప్పొద్దనీవోడు," అంది.

డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి. ఇన్నేళ్ళూ చెప్పలేదు. తాత గురించి మా ఇంట్లో చెప్పుకునే కథల్లో నడకదారి ఉంది, ఆకలి ఉంది, చనిపోయిన తోడివారున్నారు, ఈ గిన్నె మాత్రం లేదు.

కొంచెం పొయ్యమంది. నేను తటపటాయించాను. ఆమెకు ఉప్పుకీ లెక్కే, నీళ్ళకీ లెక్కే. రోజు మొత్తానికి తాగవలసిన నీళ్ళ సీసా మీద గీత గీసి ఉంటుంది. గిన్నె అడుగున సోయా పోయకుండా రెండు గరిటెలు పోశాను. ఆమె సీసా తెప్పించి, అందులోంచి అంతే నీళ్ళు నేల మీద పారబోసి, తర్వాత తాగింది. "ఉప్పు లేదు గదరా," అని ఒక్క మాట అని, నూడుల్స్ నాలుగు పోగులు నమిలింది.

మర్నాడు తెల్లారి లేచేసరికి తపేలా తోమి బోర్లించి ఉంది. ఎవరు తోమారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉత్తరాంధ్ర మిత్రుల ఇళ్ళలో రంగం వెళ్ళివచ్చిన పెద్దలు ఎవరైనా ఉండి, వారు అక్కడ ఏమి తిన్నారో మీకు చెప్పి ఉంటే దయచేసి వ్యాఖ్యలో వ్రాయండి. పేర్లు అక్కరలేదు, వంటకం పేరు చాలు.