గొంతును పట్టే యంత్రం

రాసినోళ్లదే చరిత్రయిన చోట వాడల గతం గొంతుల్లోనే నిలిచింది. అందుకే ఏ రికార్డర్ పట్టుకెళ్లాలన్నది చరిత్ర రచనకు సంబంధించిన ప్రశ్నే అంటాం మేము. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్ వల్ల టేప్ రికార్డర్ చేతిసంచిలో పట్టింది. కానీ 60 నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు 30 నిమిషాలే. చిందోళ్ల జాంబపురాణం గంటల తరబడి సాగుతుంది. తిప్పిన ప్రతిసారీ కథ తెగేది.

డిజిటల్ రికార్డర్‌లో చిక్కు వేరు. శబ్దస్థాయిని దానికే వదిలేస్తే, 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు గురించి చెబుతూ అవ్వ ఆగినప్పుడు, అది ఫ్యాను మోతను పైకి లేపుతుంది. ఆ మౌనమూ సాక్ష్యమే గదా! కనుక స్థాయిని చేత్తో సర్దుకోనిచ్చేదే, కుదించని వావ్ ఫైలు ఇచ్చేదే, పెన్సిల్ సెల్లుతో నడిచేదే ఎంచుకుంటాం. తొలి నకలు వాడకే చేరాలి.