ఇస్త్రీ మాట వెనుక ఒక క్రియ

బొమ్మిడిలో తెలుగింటి పిల్లవాడు ఇంట్లో "ఇస్త్రీకి ఇచ్చి వస్తానమ్మా" అంటాడు. బండి దగ్గరకు వెళ్ళి తమిళంలో అడిగినా 'ఇస్త్రీ' అనే మాట మారదు. రెండు భాషలకూ అది చుట్టమే.

పోర్చుగీసులో 'ఎస్తిరార్' అనే క్రియ ఉంది. సాగదీయడం, చాచడం దాని అర్థాలు. మన ఇస్త్రీ అందులోంచే వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం. సంస్కృత ధాతువుతో ముడిపెట్టేవారూ లేకపోలేదు. అయితే బొత్తాము, తువాలు, మేస్త్రీ కూడా పోర్చుగీసు నుంచే వచ్చాయి కనుక మొదటి మాటే నాకు సబబుగా తోస్తుంది. విచిత్రమేమంటే, నేటి పోర్చుగీసువారు ఇస్త్రీ చేయడానికి 'ఎస్తిరార్' అనరు, 'పస్సార్' అంటారు. దారిన పోవడం, కాలం గడవడం, పరీక్ష గట్టెక్కడం, బట్టపై ఇనుము నడపడం అన్నిటికీ ఆ ఒక్క క్రియే.

పోర్చుగీసువారు 1498లో కాలికట్టు చేరారు, 1510లో గోవా పట్టారు. ఆ శతాబ్దంలోనే మైలాపూరు, పులికాటు, నాగపట్నం రేవుల్లో స్థిరపడ్డారు. తర్వాత డచ్చివారు, ఇంగ్లీషువారు వచ్చినా తీరంలో బేరసారాల భాషగా పోర్చుగీసే చాలాకాలం నడిచింది. ఇంగ్లీషు కంపెనీ మతగురువులు ఇక్కడికి వచ్చిన ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని 1698 నాటి రాజపత్రమే విధించింది. గోవా పండితుడు దల్గాదో ఆసియా భాషల్లో చేరిన పోర్చుగీసు మాటలను ఏరి 1913లో గ్రంథంగా వెలువరించాడు.

అంతటి భాషకు ఈ తీరంలో మిగిలిందేమిటి? కొన్ని నామవాచకాలు. ఎస్తిరార్ కూడా మన దగ్గర క్రియగా నిలవలేదు. 'చేయు' అనే మన క్రియ ఊతమిస్తే తప్ప ఇస్త్రీ నడవదు.

పెళ్ళిళ్ళకు ఆంధ్ర వైపు వెళితే "మీ తెలుగు కల్తీ" అని చుట్టాలు నవ్వుతారు. అరువు మాటలకు సిగ్గుపడనక్కరలేదు, వారి తెలుగులోనూ ఇస్త్రీ ఉంది. నా బెంగ వేరు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లలకు తెలుగు అక్షరం మరింత దూరమైంది. రేపు 'అమ్మమ్మ', 'పెదనాయన' అనే పిలుపులు మాత్రం మిగిలి, వాక్యం తమిళ క్రియతో ముగిస్తే మన భాషకూ ఎస్తిరార్ గతే. ఇంట్లో పిల్లలతో మాట్లాడేటప్పుడు వాక్యాన్ని చివరిదాకా తెలుగులోనే ముగిద్దాం. భాష ప్రాణం క్రియలో ఉంది.